పంటి గాట్లు

పెద్ద మేడమ్ పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పినవాడు, ఒకప్పుడు ఆవిడ కొరికిన మనిషి. హుకుంపేట సంతలో మేకలు కోస్తాడు. "సిన్న మేడమ్, అప్ప పోనాది" అన్నాడు. పొద్దున్నే వాగులో బట్టలు ఉతుకుతుంటే మూర్ఛ వచ్చిందట. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో బోర్లా పడిపోయింది. చుట్టుపక్కల మనిషి లేడు. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న టీ గ్లాసు గోడకేసి కొట్టాను. దుఃఖం వస్తే ఏదో ఒకటి పగలగొట్టడం ఆవిడ దగ్గరే నాకు అలవాటైంది.

ఇద్దరం అరకు కాలేజీలో లెక్చరర్లం. ఆవిడ కొండ మనిషి. హుకుంపేట దాటాక పైన ఒక చిన్న గూడెం ఆవిడది. నాది శ్రీకాకుళం వైపు. ఆవిడ పెద్ద మేడమ్, నేను చిన్న మేడమ్. పొట్టి మనిషి, బండ గొంతు, ముక్కుకి రెండు పక్కలా బేసర్లు. నడిస్తే వరండా అదిరేది. లాబ్‌లో ఆవిడ విసరని వస్తువు లేదు. బీకర్లు, డస్టర్లు, ఒకసారి ఆఫీసు నుంచి వచ్చిన కుర్చీ. ఆ కుర్చీ కిర్రుమంటోందని కిటికీలోంచి పారేసింది. కింద ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

నేను ఉద్యోగంలో చేరిన రోజు ప్రిన్సిపాల్ గారు వెనక గది చూపించి, "ఆవిడతో కాస్త జాగ్రత్తమ్మా" అని మాత్రం చెప్పి వెళ్లిపోయారు. తలుపు తీస్తే లోపల కోళ్ల జాలీతో కట్టిన పెద్ద గూడు. గూట్లో మైక్రోస్కోపు, దాని మీదికి వంగి ఆవిడ. "నమస్కారం మేడమ్" అన్నాను. వెనక్కి చూడకుండానే కాలి చెప్పు తీసి విసిరింది. అది నా భుజానికి తగిలింది.

"ఊపిరి ఆపే గుంటా! అది ఉమ్మబోతంది!"

ఆపాను. కంప్యూటర్ తెర మీద పాకుతున్న గీత ఒక్కసారి మేకులా పైకి లేచి పడింది. మళ్లీ లేచింది. ఇంకోటి. "ఉమ్మింది!" అని అరుస్తూ లేచి వచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచింది. కోపం వచ్చినా దెబ్బే, సంతోషం వచ్చినా దెబ్బే. ఆ తర్వాత ఆ గదిలో జరిగిన ప్రతి మంచి సంగతీ ముందుగా నా వీపుకే తెలిసింది.

ఆ పనేమిటో ఆవిడ చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. కణాల్లో చిన్నచిన్న సంచులుంటాయి. కొన్నింటిలో అడ్రినలిన్, కొన్నింటిలో డోపమైన్, కొన్నింటిలో ఇంకేదో. కణాన్ని రెచ్చగొడితే సంచి నోరు తెరిచి లోపలున్నది బయటికి కక్కుతుంది. ఆవిడ దాన్ని ఉమ్మడం అనేది. అది ఎంత ఉమ్మిందో కొలవాలంటే కణం పక్కనే కాచుకుని ఉండాలి. దానికి సన్నటి గాజు గొట్టాన్ని వేడి చేసి, సాగదీసి సూదిలా చేసేది. లోపల తలవెంట్రుక కంటే ఎంతో సన్నమైన కార్బన్ పోగు పెట్టి, కొస మాత్రం బయట ఉంచేది. ఆ కొసకి కాస్త కరెంటు ఒత్తిడి ఇచ్చి కణానికి ఆనించేది. కణం ఉమ్మిన అడ్రినలిన్ ఆ కొసకి తగలగానే మనకి ఊహకందనంత చిన్న కరెంటు పుడుతుంది. తెర మీద లేచిన మేకు అదే.

అంత చిన్న కరెంటుని చుట్టుపక్కల వైర్లలోంచి వచ్చే గోల మింగేయకూడదు కదా. అందుకే కోళ్ల జాలీ. బల్ల అదిరితే కొస కణంలో దిగబడిపోతుంది. అందుకే లారీ ట్యూబుల్లో గాలి కొట్టి, వాటి మీద సమాధి రాయంత బండ పరిచి, ఆ బండ మీద మైక్రోస్కోపు పెట్టుకుంది. అరకులో కరెంటు పోతే ఊరంతా తిట్టుకునేది. ఆవిడ మాత్రం "పోయింది, పోయింది, బేగి రాయే!" అని నన్ను క్లాసులోంచి లాక్కుపోయేది. వైర్లన్నీ చచ్చి ఊరుకున్నప్పుడు బ్యాటరీ పెట్టుకుని పని చేయడం ఆవిడకి పండగ. క్లాసులో పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు.

కణాల కోసం సంతకెళ్లేవాళ్లం. మేక మూత్రపిండం పైన, కొవ్వులో కూరుకుని, చిక్కుడు గింజంత గ్రంథి ఉంటుంది. ఎవరూ తినరు, కుక్కలకి వేస్తారు. భయమేస్తే ఒంట్లోకి చిమ్మే అడ్రినలిన్ పుట్టేది అందులోనే. ఆ గ్రంథి వేడిగా ఉండగానే తీయాలి. మేకలు కోసేవాడు ఆవిడ గూడెం మనిషే. వరసకి తమ్ముడు, ఆవిడని అప్పా అని పిలిచేవాడు. వాడు మేక మెడ మీద కత్తి వేసేటప్పుడు నేను తల తిప్పుకునేదాన్ని. ఆవిడ తిప్పుకునేది కాదు. నెత్తురు చీర కుచ్చిళ్ల మీద చిందినా పట్టించుకోకుండా, ఇంకా కాళ్లు తన్నుకుంటున్న మేక పొట్టలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టేసేది.

"బేగి కొయ్యరా! బయం సల్లారిపోద్ది!"

"అప్పా, అందరూ మాంసం పట్టుకెల్తారు. నువ్వేటి బయం పట్టుకెల్తావు?" అని వాడు నవ్వేవాడు. ఆవిడ గ్రంథుల్ని ఉప్పునీళ్ల సీసాలో వేసి, ఐస్ డబ్బాలో పెట్టి నా చేతికిచ్చేది. బయం మనసులో ఉండదే గుంటా, మూత్రపిండం నెత్తి మీద ఉంటది అని నేను చేరిన కొత్తలో నాకు చెప్పింది. పక్కన అడ్డాకులు అమ్ముకునే ముసలమ్మలు ఆ మాటలన్నీ వినేవాళ్లు. అందరూ నవ్వుతున్నారనే నేననుకున్నాను.

ఆవిడ నన్ను ఇంటికి తీసుకెళ్లాక వాళ్ల అయ్యని చూశాను. ముసలాయన ఎప్పుడూ తువ్వాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. పలకరిస్తే తల ఊపేవాడు తప్ప మాట లేదు. తినేటప్పుడు గోడ వైపు తిరిగిపోయేవాడు. నోట్లో పళ్లు లేవు. వయసు వల్లే అనుకున్నాను. ఆవిడ ఆయన కోసం వండిన మాంసాన్ని రోట్లో వేసి దంచేది. ఆ రోకలి పోట్లు వింటుంటే కింద రోట్లో ఎవరో మనిషి ఉన్నట్టుండేది నాకు.

"ఎందుకు మేడమ్ అంత గట్టిగా?" అన్నాను.

ఆపలేదు. దంచుతూనే చెప్పింది. ఆవిడ ఆశ్రమ పాఠశాలలో చదువుకునే రోజుల్లో గూడెంలో వరసగా జ్వరాలొచ్చి మనుషులు పోయారట. చేతబడిని అక్కడ చిల్లంగి అంటారు. అది చేస్తున్నది ఈయనే అన్నారు. మంత్రం నోట్లోంచి వస్తుంది కాబట్టి పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని వాళ్ల నమ్మకం. ఆవిడ సెలవులకి ఇంటికొచ్చిన రోజున, ఆయన్ని వాకిట్లో పనసచెట్టుకి కట్టేసి, పళ్లు రాయితో కొట్టి, పటకారుతో పీకారు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ నోట్లోంచి రగతం తప్ప ఏటీ రానేదు" అంది. "నేను సూశాను కదా. దగ్గిరుండి సూశాను. అప్పుడే అనుకున్నాను. దేన్లోంచి ఏది బయటికొస్తదో, ఎంతొస్తదో కొలిసి సూపిస్తాను అని."

రోకలి పక్కన పడేసి నెత్తుటి కళ్లతో నా వైపు చూసింది. నాకు ఆవిడంటే భయం పోయి, ఆ గూడెం మీద అసహ్యం పుట్టింది. మరి ఇక్కడే ఎందుకున్నారని అడిగాను. "ఎల్లిపోతే ఆల్లు నెగ్గినట్టు" అంది. ముసలాయన గోడ వైపు తిరిగి తింటున్నాడు.

ఆ తర్వాత మేకలవాడి కూతురికి మూర్ఛలు మొదలయ్యాయి. చలాకీ పిల్ల, సంతలో వాడి పక్కన కూర్చుని ఆకులు అందించేది. ఉన్నట్టుండి కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నోట్లో నురగ. ఆసుపత్రికి తీసుకెళ్లమని ఆవిడ వాడి మీద అరిచింది. వాడు తల ఊపాడు గాని తీసుకెళ్లలేదు. వాడి బుర్రలో ఇంకో లెక్క నడుస్తోంది. ఎవరూ తినని ముక్క. వేడిగా ఉండగానే తీసి, మంచులో దాచి పట్టుకుపోతారు. గాజు సూదులతో గుచ్చుతారట. దాన్ని భయం అంటారు. పట్టుకుపోయేది ఎవరి కూతురు? పళ్లు పీకించుకున్న ముసలాడి కూతురు. అన్ని మేకల్నీ తన చేత్తోనే కోసి ఇచ్చాడు కదా. ఇప్పుడది తన బిడ్డ మీదికే వచ్చిందనుకున్నాడు. వాడు చూసినవన్నీ నిజమే. వాటిని పేర్చుకోవడంలోనే తప్పు జరిగింది.

సంత రోజు మధ్యాహ్నం మేం వెళ్లేసరికి వాడి చోటు ఖాళీగా ఉంది. మేక కట్టే గుంజ ఉంది, మేక లేదు. అడ్డాకుల ముసలమ్మ మా వైపు చూడకుండా ఆకులు సర్దుకుంటూ చెప్పింది.

"ఆడి గుంటకి మల్లీ ఒచ్చినాది. ఊరోల్లందరూ మీ అయ్య కాడికి ఎల్లినారు. నువ్వు బేగెల్లు తల్లీ."

ఆవిడ మోటార్ సైకిల్ మీద అంతకుముందు చాలాసార్లు ఎక్కాను. ఆ రోజు ఎక్కింది మాత్రం మర్చిపోలేను. ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆవిడ నడుం గట్టిగా పట్టుకున్నాను. ఆ నడుం రాయిలా బిగిసిపోయి ఉంది. మలుపుల్లో బ్రేకు వేయలేదు. అంతసేపు ఆవిడ అరవకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

వాకిలి నిండా జనం. అదే పనసచెట్టుకి ముసలాయన్ని కట్టేసి ఉంచారు. మంత్రం బయటికి రాకుండా నోట్లో గుడ్డలు కుక్కి, పైన తాడు బిగించారు. నుదురు పగిలి నెత్తురు కంట్లోకి కారుతోంది. మేకలవాడి చేతిలో మేకలు కోసే కత్తే ఉంది. పళ్లు లేవు కాబట్టి ఈసారి నాలుక కోయాలని గుంపులో ఎవరో అరుస్తున్నారు. వాడి కూతురు అరుగు మీద తల్లి ఒళ్లో నీరసంగా పడుకుని ఉంది.

ఆవిడ బండి ఆపలేదు. జనంలోకి అలాగే నడిపేసింది. మనుషులు చెల్లాచెదురయ్యారు, బండి పక్కకి ఒరిగిపోయింది, నేను కంచె మీద పడ్డాను. లేచి చూసేసరికి ఆవిడ మేకలవాడి మీదికి దూకింది. వాడు కత్తి ఉన్న చెయ్యి పైకెత్తాడు. ఆవిడ రెండు చేతుల్తో ఆ చెయ్యి పట్టుకుని, బొటనవేలి కింద కండలో పళ్లు దించేసింది. వాడు కేక పెట్టాడు. కత్తి జారింది. అయినా వదల్లేదు. ఎవరో ఆవిడ జుట్టు పట్టి లాగారు, ఎవరో నడుం మీద తన్నారు. పళ్లు ఎముకకి తగిలే దాకా వదల్లేదు. వదిలాక ఎర్రటి నోటితో లేచి నిలబడింది.

"మా అయ్యకి పల్లు నేకుండా సేశారు. నాకున్నాయిరా! రండి! ఎవుడొస్తాడో రండి!"

అప్పుడొచ్చింది రాయి. ఎక్కడి నుంచో, ఎవరి చేతిలోంచో. ఎడమ చెవి పైన తగిలింది. ఆ చప్పుడు నేను విన్నాను. ఆవిడ మోకాళ్ల మీద కూలిపోయింది గాని పక్కకి పడలేదు. పాకుతూ వెళ్లి చెట్టుకి, అయ్యకి అడ్డంగా కూర్చుంది. గుంపు మళ్లీ కదిలింది. నేను అరుస్తున్నాను, ఏం అరిచానో నాకే తెలీదు. ఇద్దర్నీ చంపేస్తారని మాత్రం అర్థమైంది.

సరిగ్గా అప్పుడే అరుగు మీద పిల్లకి మళ్లీ మూర్ఛ వచ్చింది. తల్లి కెవ్వుమంది. అందరూ అటు తిరిగారు. ఆవిడ కూడా చూసింది. ముఖం సగం నెత్తురు. చెట్టుని పట్టుకుని లేచి, చెయ్యి చాచి అయ్య నోటిని చూపించింది.

"సూడండి! నోట్లో గుడ్డలు కుక్కినారు కదా! మీరే కుక్కినారు! మీరే తాడు కట్టినారు! ఇప్పుడు ఆ గుంటకి ఎక్కడి నుంచొచ్చినాది? సెప్పండ్రా! ఎక్కడి నుంచొచ్చినాది?"

ముసలాయన నోటి చుట్టూ బిగిసిన తాడుని అందరూ చూస్తున్నారు. అది కట్టినవాళ్లు కూడా చూస్తున్నారు. క్లాసులో నేను పిల్లలకి, కారణం అనుకున్నదాన్ని ఆపేసి చూసే కంట్రోల్ ప్రయోగం గురించి ఎన్నోసార్లు చెప్పాను. అంత గట్టిగా ఎక్కేలా ఎవరికీ చెప్పలేదు. ఆవిడ అదేమీ ఆగి చూడలేదు. తూలుతూ అరుగెక్కి, పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోరు తుడిచి, "జీపెవుడిదిరా, తియ్యండి!" అని అరిచింది. మేకలవాడు నెత్తురు కారుతున్న చేత్తోనే పిల్లని ఎత్తుకున్నాడు. నేను ముసలాయన కట్లు విప్పి, గుడ్డలు తీసి, జీపెక్కించాను. ఆ జీపులో నాన్న, కూతురు, కొట్టినవాడు, వాడి బిడ్డ ఒకరి మీద ఒకరు పడుతూ ఆసుపత్రికి వచ్చారు.

పిల్లకి రోజూ వేసుకునే మాత్రలిచ్చారు. మూర్ఛలు తగ్గాయి. ఆవిడకీ, వాళ్ల అయ్యకీ కుట్లు వేశారు. పోలీసులు వచ్చి కేసు పెట్టమన్నారు. పెట్టమని నేను ఆవిడతో పోట్లాడాను. వాణ్ని జైల్లో చూడాలని నాకు గట్టిగా ఉండేది, ఇప్పటికీ లేదని చెప్పను.

"ఆడు జైల్లో కూకుంటే ఆ గుంటకి మాత్రలు ఎవుడు తెస్తాడు? నాకు మేకలెవుడు కోస్తాడు?" అని ఆవిడ నన్నే కసిరింది.

క్షమించింది అనుకుంటే పొరపాటు. వాణ్ని మళ్లీ ఎన్నడూ పేరుతో గాని వరసతో గాని పిలవలేదు. ప్రతి సంతకీ వాడు గ్రంథులు తీసి ఆకులో పెట్టి, ఆ కొరికిన చేత్తోనే ఇచ్చేవాడు. తల ఎత్తేవాడు కాదు. ఆవిడ అడిగేది ఒక్కటే. "గుంట మాత్ర ఏసిందా?" వేసిందంటే సరే, లేదంటే సంతంతా వినేలా తిట్టేది.

కొన్నాళ్లకి ఆవిడకే మూర్ఛ వచ్చింది. కోళ్ల జాలీ గూట్లో, కొస కణానికి ఆనించి ఉండగా. తలకి తగిలిన దెబ్బ వల్లే అని డాక్టరు అన్నారు. అదే మాత్ర రాశారు. "ఆ గుంటా నేనూ ఒకటే మందు" అని ఆవిడ నవ్వుతుంటే నేను ఏడ్చాను. ఏడ్చినందుకు వీపు మీద కొట్టింది. అప్పట్నుంచి అడ్రినలిన్ పక్కన పెట్టి గ్లుటమేట్ మీద పడింది. మూర్ఛలో మెదడు కణాలు ఒకదాని మీద ఒకటి అదుపు లేకుండా ఉమ్ముకునేది దాన్నే. అది కార్బన్ కొసకి నేరుగా దొరకదు, కొస మీద ఎంజైమ్ పూత పూయాలి. ఆ ఎంజైమ్ కింద నుంచి ఘాటీ ఎక్కి వచ్చేలోపు ఐస్ కరిగి పాడైపోయేది. పాడైన ప్రతిసారీ ఏదో ఒకటి పగిలేది. చివరికి ఒక రోజు కరెంటు పోయినప్పుడు తెర మీద గీత కొంచెమే, చాలా కొంచెం, లేచింది. ఆవిడ అరవలేదు. నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

నీళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దని ఎన్నిసార్లు చెప్పానో. "నా ఊరి వాగుకి నేను బయపడనా?" అనేది. ఆవిణ్ని చంపింది వాగు కాదు. ఆ రాయి. ఆలస్యంగా చంపింది, అంతే. ఎవరు విసిరారో నాకు ఈ రోజుకీ తెలీదు, తెలిస్తే ఏం చేసేదాన్నో కూడా తెలీదు.

ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నానికి గూడెం చేరాను. పనసచెట్టు కింద చాప మీద పడుకోబెట్టారు. జుట్టు ఇంకా తడిగానే ఉంది. గూడెమంతా వచ్చింది. పక్కన ముసలాయన, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మేకలవాడు కంచె బయటే నిలబడ్డాడు. పక్కన వాడి కూతురు, ఎదిగిన పిల్ల, వెక్కివెక్కి ఏడుస్తోంది. వాడు లోపలికి అడుగు వేయలేదు.

ముసలాయన వాణ్ని చూసి చెయ్యి ఊపి పిలిచాడు. వాడు వచ్చి ముందు కూలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. ఆయన కొట్టకపోతే నేనే కొడదామని లేచాను కూడా.

ఆయన వాడి కుడిచెయ్యి లాక్కుని వెల్లకిలా తిప్పాడు. బొటనవేలి కింద తెల్లగా, వంపుగా మచ్చలున్నాయి. ఒక్కొక్క మచ్చ మీదా వేలు పెట్టి తడుముకుంటూ పోయాడు. తర్వాత నోటికి అడ్డం ఉన్న తువ్వాలు తీసేశాడు. అంతమంది ముందు ఆయన నోరు తెరవడం అదే మొదటిసారి. మాట చిగుళ్ల మధ్య నలిగి వచ్చింది. అందరం ముందుకి వంగి విన్నాం.

"మా గుంట పల్లు ఇవి" అన్నాడు. "ఈ సెయ్యి జాగర్తరా."